ఆటకు ఎందరు నిర్ణేతలు?

వృత్తిరీత్యా నేను తెలుగు ఉపాధ్యాయుణ్ణి. పద్యాలు చెప్పటం, వ్యాకరణం బోధించటం, పిల్లల నోటుపుస్తకాలు దిద్దటం నా పని. అయినా చాలాకాలంపాటు నా చొక్కా జేబులో ఎర్రసిరా కలం పక్కన ఒక ఇత్తడి ఈల కూడ ఉండేది. తెలుగు మాస్టారి జేబులోకి ఈల ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు మా ఊరి సంగతి చెప్పాలి.

నేను ఉద్యోగం చేసింది కర్ణాటకలోని కోలారు బంగారు గనుల ప్రాంతంలో. 1880లో జాన్ టేలర్ అనే ఆంగ్లేయ సంస్థ అక్కడి గనులను చేపట్టింది. పని వెతుక్కొంటూ చిత్తూరు సీమ నుంచి తెలుగువారు, ఉత్తరార్కాటు వైపు నుంచి తమిళులు వచ్చి స్థిరపడ్డారు. ఒకే వీధిలో తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినిపించేవి. దొరలు తమతో తెచ్చుకొన్న ఆటల్లో ఫుట్‌బాల్ ఒకటి. అది దొరల మైదానాల్లోనే ఆగిపోలేదు. కార్మికుల వాడల్లోకి నడిచివచ్చి అక్కడే కాపురం పెట్టింది. సాయంకాలమైతే రాబర్ట్‌సన్‌పేటలో, ఆండర్సన్‌పేటలో, మారికుప్పంలో ఖాళీ జాగా కనిపించిన చోటల్లా బంతి దొర్లేది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడ్డాయి. వేలమంది బతుకు చెదిరింది. పిల్లల ఆట మాత్రం ఆగలేదు.

కళాశాలలో చదివే రోజుల్లో నేను కూడ కొంచెం బంతి ఆడినవాణ్ణే. ఆ సంగతి తెలిసి మా వ్యాయామోపాధ్యాయులు ఊరికి వెళ్లినప్పుడల్లా ఈల నా చేతికిచ్చేవారు. క్రమంగా అది నా దగ్గరే ఉండిపోయింది.

మా పాఠశాల మైదానానికి పడమటి దిక్కున సైనైడు దిబ్బలు ఉండేవి. బంగారం తీయగా మిగిలిన మెత్తని రాతిపొడిని ఏళ్లతరబడి పోయగా అవి కొండలంత ఎత్తు పెరిగాయి. గాలి వీచిందంటే ఆ పొడి లేచి మైదానం మీద తెరలాగా పరచుకొనేది. గోలు స్తంభాలు ఉండేవి గాని వాటికి వలలు ఉండేవి కావు. వలలు కొనడానికి డబ్బు లేదు. అవి లేకపోతే ఏమవుతుందని ఎవరూ ఆలోచించనూ లేదు.

1988లో ఒక శనివారం మధ్యాహ్నం పాఠశాలల పోటీల్లో మాకూ, పక్క పేటలోని మరొక పాఠశాలకూ ఆట జరిగింది. గెలిచినవారు చివరి పోటీకి వెళతారు. ఆనాడు మా వ్యాయామోపాధ్యాయులకు జ్వరం. ప్రధానోపాధ్యాయులు నన్ను పిలిచి, “మాస్టారూ, ఈల మీ దగ్గరే ఉంది గదా! మీరే నడిపించండి” అన్నారు. రిఫరీకి తోడు ఇద్దరు లైన్‌మన్లు ఉండాలని నియమాలు చెపుతాయి. కాని మా పోటీల్లో ఒక్కరే ఈల పట్టుకొని మైదానమంతా పరిగెత్తటం అలవాటు. నేనూ దాన్ని తప్పుగా భావించలేదు. పైగా ఒంటరిగా ఆటను నడిపించగలనన్న గర్వం కొంత నాలో ఉండేది.

ఆట హోరాహోరీగా సాగింది. రెండు జట్లూ చెరొక గోలు చేశాయి. ఇక నాలుగైదు నిమిషాలు మిగిలాయనగా మైదానం నడుమ ఒక కుర్రవాడు మరొకణ్ణి ఢీకొని పడ్డాడు. నేను వాడి వైపు చూసినంతలో బంతి మా జట్టు కుర్రవాడి కాళ్లకు దొరికింది. వాడు ఎడమ అంచు వెంట పరిగెత్తి పడమటి గోలు మీదికి బలంగా తన్నాడు. నేను కుడివైపున దూరంగా ఉన్నాను. ఎండ సూటిగా కళ్లలో పడుతున్నది. దుమ్ము లేచింది. బంతి స్తంభాన్ని ఒరుసుకొంటూ వెనక్కు పోవటం మాత్రం కనిపించింది. లోపలినుంచి పోయిందా, బయటినుంచి పోయిందా? గోలు వెనక నిలబడ్డ మా పిల్లలు “గోల్! గోల్!” అని ఎగిరారు. నేను ఈల ఊదాను.

అవతలి జట్టు గోల్‌కీపరు చిన్నపిల్లవాడు. ఎనిమిదో తరగతి అయి ఉంటాడు. వాడు తొడుక్కొన్న బనీను వాడికంటె పెద్దది. వాడు పరిగెత్తుకొంటూ నా దగ్గరికి వచ్చి, “సార్, స్తంభం బయటినుంచి పోయింది సార్” అన్నాడు. అరవలేదు, ఏడవలేదు. పాఠంలో అనుమానం అడిగినట్లు అడిగాడు. నేను, “ఈల ఊదినాక మాట్లాడకూడదు. పో, నీ చోటికి పో” అని గద్దించాను. ఆట ముగిసింది. మా పాఠశాల గెలిచింది.

సోమవారం ఉదయం మొదటి గంట కొట్టకముందే గోలు చేసిన మా కుర్రవాడు ఉపాధ్యాయుల గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే వచ్చి తల వంచుకొన్నాడు. “సార్, అది గోలు కాదు సార్. నాకు అప్పుడే తెలుసు” అన్నాడు. “మరి అప్పుడే ఎందుకు చెప్పలేదురా?” అని అడిగాను. “అందరూ నన్ను ఎత్తుకొని ఎగురుతా ఉండారు సార్” అన్నాడు. వాడిమీద కోపం తెచ్చుకొనే హక్కు నాకు లేదనిపించింది. నిజం చెప్పటానికి వాడికి రెండు రోజులు పట్టింది. నిజం వినటానికి నాకు రెండు నిమిషాల ఓపిక కూడ లేకపోయింది.

ప్రధానోపాధ్యాయులతో ఈ సంగతి చెప్పాను. ఆయన నొచ్చుకొన్నారు గాని, “ఫలితం మారదు మాస్టారూ” అన్నారు. ఆయన చెప్పింది నిజమే. తన తీర్పు తప్పని రిఫరీ గ్రహిస్తే ఆట తిరిగి మొదలుకాకముందే దిద్దుకోవాలి. తిరిగి మొదలైన తరువాత, అందులోనూ ఆట ముగిసిన తరువాత, దిద్దుకొనే వీలు లేదు. నోటుపుస్తకంలో తప్పు దిద్దితే దాన్ని మళ్లీ కొట్టివేసి మార్కులు వేయవచ్చు. ఈలకు ఆ సౌకర్యం లేదు.

ఆనాటి సాయంత్రం ఆ పాఠశాలకు నడిచి వెళ్లాను. గోల్‌కీపరు కుర్రవాణ్ణి పిలిపించి, వాడి ఉపాధ్యాయుల ఎదుటనే, “తప్పు నాది నాయనా. నువ్వు చెప్పింది నిజం. నేను వినలేదు” అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తరువాత నేను ఎన్నడూ మరిచిపోలేని మాట ఒకటి అన్నాడు: “ఆ దిక్కున ఎవరూ నిలబడలేదు గదా సార్!”

వాడు నన్ను క్షమించాడో లేదో నాకు తెలియదు. నేను పక్షపాతం చూపానని మాత్రం వాడు అనలేదు. చూడవలసిన చోట చూసే మనిషి లేడని అన్నాడు. ఇంటికి నడుస్తున్నంతసేపూ అదే ఆలోచన. ఒక ఆటకు ఎందరు నిర్ణేతలు ఉండాలి? ఒక్కరు చాలరా? చాలకపోతే ఇద్దరా, ముగ్గురా, ఏడుగురా? ఈ ప్రశ్న నన్ను ఆట చరిత్రలోకి తీసుకువెళ్లింది.

1863లో లండన్‌లో ఫుట్‌బాల్ సంఘం ఏర్పడి మొదటి నియమావళిని రాసుకొన్నప్పుడు అందులో రిఫరీ ప్రస్తావనే లేదు. ఆడేది పెద్దమనుషులు, తగవు వస్తే ఇరుజట్ల నాయకులే తీర్చుకొంటారని వారి నమ్మకం. ఆ నమ్మకం ఎక్కువకాలం నిలవలేదు. జట్టుకు ఒకరు చొప్పున ఇద్దరు అంపైర్లు వచ్చారు. ఎవరి అంపైరు వారి జట్టు వైపే మొగ్గటం సహజం గదా! ఇద్దరికీ ఏకాభిప్రాయం కుదరనప్పుడు చెప్పుకోవటానికి గీత వెలుపల మూడో మనిషిని నిలబెట్టారు. ఆంగ్లంలో ‘రిఫర్’ చేయటమంటే నివేదించటం. ఎవరికి నివేదిస్తారో ఆయన రిఫరీ. 1891లో ఆయన గీత దాటి మైదానంలోకి వచ్చాడు. తీర్పు ఆయన చేతికి వచ్చింది. అంపైర్లు ఇద్దరూ అంచులకు జరిగి, జెండాలు పట్టుకొన్న లైన్‌మన్లయ్యారు. 1996 నుంచి వారిని సహాయ రిఫరీలు అంటున్నారు.

వలల కథ కూడ అప్పటిదే. లివర్‌పూల్‌లో జాన్ అలెగ్జాండర్ బ్రోడీ అనే ఇంజనీరు ఉండేవాడు. 1889లో ఒక ఆటలో బంతి స్తంభాల నడుమనుంచి పోయిందా లేదా అని పెద్ద తగవు వచ్చింది. రహదారులూ వంతెనలూ కట్టే ఆ మనిషి ఈ చిక్కుకు ఉపాయం వెతికి, గోలు వెనక వల కట్టమన్నాడు. 1891 నాటికి వలలు వాడుకలోకి వచ్చాయి. ఇది చదివినప్పుడు నేను సిగ్గుపడ్డాను. సుమారు నూరేళ్లకు పూర్వమే లోకం నేర్చుకొన్న పాఠాన్ని ఒక చిన్నపిల్లవాడి కన్నీటి ఖర్చుతో నేను మళ్లీ నేర్చుకొన్నాను.

ముగ్గురు ఉంటే సరిపోదు, ఎవరు ఎక్కడ ఉండాలో కూడ తెలియాలి. ఇంగ్లండుకు చెందిన స్టాన్లీ రౌస్ అనే ప్రసిద్ధ రిఫరీ దీనికి ఒక పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. తరువాత ఆయన 1961 నుంచి 1974 వరకు అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్యకు అధ్యక్షుడుగా కూడ పనిచేశాడు. ఆ పద్ధతిలో రిఫరీ మైదానాన్ని ఒక మూలనుంచి ఎదురుమూలకు ఏటవాలుగా కొలుస్తూ పరిగెత్తుతాడు. ఆయనకు దూరమైన రెండు అంచుల్లో, ఒక్కో సగానికి ఒకరు చొప్పున, లైన్‌మన్లు కదులుతారు. కాగితం మీద మైదానం గీసి, ఈ ముగ్గురి దారులు వేసి చూడండి. బంతి ఎక్కడున్నా అది ఇద్దరి చూపుల నడుమ ఉంటుంది. 1988లో మా మైదానంలో బంతి నా ఒక్కడి చూపుకూ దుమ్ముకూ నడుమ ఉన్నది.

ఆ ఏడాది వేసవి సెలవుల్లో కొబ్బరితాడు, నైలాను తాడు కొని పిల్లలం, పెద్దలం కూర్చొని రెండు వలలు అల్లాం. అవి అందంగా రాలేదు. అయినా బంతిని ఆపాయి. పై తరగతుల పిల్లల్లో పదిమందిని ఏరి జెండా పట్టటం, ఆఫ్‌సైడు గమనించటం నేర్పాను. వారిలో మొదట పేరు ఇచ్చినవాడు గోలు సంగతి ఒప్పుకొన్న కుర్రవాడే. వాడి గురించి చివర చెపుతాను.

చాలా ఏళ్లు గడిచాయి. పదవీవిరమణ చేశాను. మా అమ్మాయి, అల్లుడు అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో ఉంటున్నారు. 2019లో వారి దగ్గరికి వెళ్లినప్పుడు ఒక శుక్రవారం సాయంత్రం మనుమడు, “తాతా, మా స్కూల్లో ఫుట్‌బాల్ ఉంది, రా” అని చెయ్యి పట్టుకొని లాక్కొనిపోయాడు. అది మన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకొని పరిగెత్తే ఆట. జట్టుకు పదకొండుమంది. నూరు గజాల మైదానం. తలకు గట్టి టోపీలు, భుజాలకు కవచాలు. ఊరు ఊరంతా అరుగుల మీద కూర్చొని ఉంది. మనుమడికి ఆటమీద దృష్టి. నాకు మాత్రం నల్లచారల తెల్లచొక్కాలు తొడుక్కొన్న మనుషులమీద దృష్టి. లెక్కపెట్టాను. ఐదుగురు!

వారు నిలబడే తీరు చూడముచ్చటగా ఉంది. తెల్లటోపీ పెట్టుకొన్నవాడు ముఖ్యుడు, ఆయనే రిఫరీ. బంతి పట్టుకొన్న జట్టు వెనక నిలబడి బంతి విసిరే కుర్రవాణ్ణి కనిపెట్టి ఉంటాడు. అంపైరు అనేవాడు ఎదుటి జట్టు వరుస వెనక, తోపులాట జరిగే చోటికి అతి దగ్గరగా ఉంటాడు. బంతి ఉన్న గీతకు రెండు కొసలా ఇద్దరు. ఐదోవాడు దూరంగా వెనక నిలబడి, ఎగిరివచ్చే బంతిని అందుకొనేవారిని చూస్తాడు. ఆట మొదలైన క్షణంలో ఐదుగురూ ఐదు వైపులు చూస్తారు. బంతి వెంట కళ్లు పరిగెత్తించేది ప్రేక్షకులు మాత్రమే.

ఆట ముగిశాక మా అల్లుడి స్నేహితుడొకడు ఆ ఐదుగురిలో ఒకాయనను పరిచయం చేశాడు. ఆయన కూడ బడిపంతులే. నేను తెలుగు మాస్టారినని, ఒకప్పుడు ఈల ఊదానని చెప్పగానే ఆయన సంతోషంగా కబుర్లలో పడ్డాడు. చిన్నతరగతుల పిల్లల ఆటకు తాము ముగ్గురే వెళతామన్నాడు. “ముగ్గురున్నప్పుడు అన్నీ చూడలేం. ఏది వదిలివేయాలో ముందే నిర్ణయించుకొంటాం. పిల్లలకు దెబ్బ తగిలే చోటును మాత్రం వదలం” అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. నిర్ణేత ఉన్నది గోలు లెక్కపెట్టడానికే అని నేను అంతవరకు అనుకొన్నాను. ఆ ఆటలో తలకు తగిలే దెబ్బలు ప్రమాదకరం. తలకు దెబ్బ తగిలి తడబడుతున్నట్లు కనిపించిన కుర్రవాణ్ణి వెంటనే ఆటనుంచి తప్పించాలని అక్కడి పాఠశాలల నియమావళి 2010 నుంచి కచ్చితంగా చెపుతున్నది. ఆ తడబాటును గమనించేది ఎవరు? దగ్గరగా నిలబడ్డ ఆ చారలచొక్కా మనిషే మొదట గమనించాలి. చూసే కన్ను ఒకటి తగ్గితే పోయేది గోలు మాత్రమే కాకపోవచ్చు.

“ఏడుగురుంటే ఇంకా బాగుండదా?” అని అడిగాను. అక్కడి వృత్తి క్రీడాకారుల పోటీల్లో నిర్ణేతల సంఖ్య ఎలా పెరిగిందో ఆయనే చెప్పాడు. 1947లో ఐదోవాడు వచ్చాడు. 1965లో ఆరోవాడు, 1978లో ఏడోవాడు వచ్చారు. బంతిని దూరం విసిరే ఆట పెరిగినకొద్దీ ఆటగాళ్లు మైదానమంతా విస్తరించారు, చూసేవారూ పెరగవలసి వచ్చింది. పెద్ద కళాశాలల పోటీల్లో ఎనిమిదిమంది కూడ ఉంటారు. ఇంత చెప్పి ఆయన, “ఏడుగురు ఉంటే మంచిదే. కాని ఆ ఇద్దరినీ ఎక్కడినుంచి తేవాలి? ఏదో ఒక చిన్నపిల్లల ఆటనుంచే తేవాలి” అన్నాడు.

ఇది లెక్కల మాస్టారు ఇచ్చే చిక్కులెక్క లాంటిది. ఊళ్లో పదిమంది నిర్ణేతలు ఉన్నారనుకోండి. ఆటకు ఐదుగురైతే ఒకే సాయంత్రం రెండు ఆటలు జరుగుతాయి. ఆటకు ఏడుగురైతే ఒక్కటే ఆట జరుగుతుంది, ముగ్గురు మిగులుతారు. ఆ ముగ్గురితో రెండో ఆట నడపాలి, లేదా దాన్ని మరొక రోజుకు వాయిదా వేయాలి. ఒక ఆటకు న్యాయం పెంచితే మరొక ఆటకు న్యాయం తగ్గే ప్రమాదం ఉన్నదన్నమాట.

ఆ తరువాత ఈ చిక్కు మరింత బిగిసింది. 2018-19 నుంచి 2021-22 వరకు అమెరికా ఉన్నత పాఠశాలల క్రీడల్లో సుమారు 50 వేలమంది నిర్ణేతలు ఆ పని మానుకొన్నారని అక్కడి పాఠశాలల క్రీడాసంఘాల జాతీయ సమాఖ్య తెలిపింది. కరోనా కాలం ఒక కారణం. దానికంటె ముందునుంచీ ఉన్న కారణం మరొకటి ఉంది. అది ప్రేక్షకుల నోరు. తిట్టేవారు ఎక్కడినుంచో వచ్చినవారు కారు. చాలామంది ఆడే పిల్లల తల్లిదండ్రులే. శుక్రవారం జరగవలసిన ఆటలను మనుషులు చాలక కొన్నిచోట్ల గురువారానికో శనివారానికో మార్చుకోవలసి వచ్చింది. ఎందరు నిర్ణేతలు ఉండాలన్న ప్రశ్నకు జవాబు సగం నియమాల పుస్తకంలో ఉంటే, మిగతా సగం అరుగుల మీద కూర్చొన్న మన ప్రవర్తనలో ఉంది.

మన ఆటల్లో కూడ ఈ లెక్క ఒక్కోదానికి ఒక్కో రకం. హాకీకి ఇద్దరు అంపైర్లు, చెరొక సగం చూసుకొంటారు. కబడ్డీకి ఒక రిఫరీ, ఇద్దరు అంపైర్లు, వారికి తోడు లెక్క రాసేవారు. క్రికెట్టుకు మైదానంలో ఇద్దరు ఉంటారు. 1992 నవంబరులో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో భారత్ ఆడిన టెస్టులో టెలివిజన్ చూసి తీర్పు చెప్పే మూడో అంపైరు తోడయ్యాడు. ఆ కొత్త పద్ధతిలో మొదట అవుటైనవాడు మన సచిన్ తెందూల్కరే. మైదానం ఎంత పెద్దది, ఆట ఎంత వేగం, దెబ్బల భయం ఎంత అనే మూడింటిని బట్టి నిర్ణేతల సంఖ్య మారుతుంది.

సంఖ్య పెరిగితే తప్పులు పూర్తిగా పోతాయా అంటే పోవు. 2010 జూన్ 27న దక్షిణాఫ్రికాలో ప్రపంచకప్పు పోటీల్లో ఇంగ్లండు ఆటగాడు ఫ్రాంక్ లాంపార్డ్ తన్నిన బంతి అడ్డదూలానికి తగిలి గీత లోపల పడింది. లోకమంతా చూసింది. రిఫరీ చూడలేదు, అంచున ఉన్న సహాయకుడూ చూడలేదు. గోలు ఇవ్వలేదు. జర్మనీ 4-1తో గెలిచింది. 2012 జూన్ 19న ఐరోపా పోటీల్లో ఇంగ్లండుతో ఆడుతున్న ఉక్రెయిన్ జట్టుకు అటువంటి అన్యాయమే జరిగింది. ఆ పోటీల్లో గోలు పక్కనే చూడటానికని ప్రత్యేకంగా ఒక మనిషిని నిలబెట్టారు. ఆయన కొద్ది గజాల దూరంలోనే ఉన్నాడు. అయినా బంతి గీత దాటటాన్ని పట్టుకోలేకపోయాడు. ఆ తరువాత కొద్దివారాలకే గోలు గీతను కనిపెట్టే యంత్రాలకు అనుమతి లభించింది. 2018లో దృశ్యాలు తిరిగి చూసి తీర్పు సరిచేసే పద్ధతి కూడ నియమాల్లో చేరింది.

యంత్రాలు పెద్ద పోటీలకు వస్తాయి. మన బడి మైదానానికి రావు. అక్కడ మనుషులే కావాలి. నన్ను అడిగితే బడిలో జరిగే ఫుట్‌బాల్ ఆటకు ముగ్గురు ఉండాలంటాను, గోళ్లకు వలలు ఉండాలంటాను. ముగ్గురు దొరకనప్పుడు ఇద్దరైనా ఉండాలి. ఒక్కడే ఉండవలసి వస్తే, తనకు కనిపించనిది కూడ మైదానంలో ఉంటుందని వాడు గుర్తుంచుకోవాలి. దగ్గరికి వచ్చి మెల్లగా మాట్లాడే పిల్లవాణ్ణి గద్దించకూడదు. ఇవి పెద్ద సూత్రాలు కావు. ఒకసారి తప్పు చేసినవాడు నేర్చుకొన్న సంగతులు.

ఇక మా కుర్రవాడి కథ. 1989లో మళ్లీ పోటీలు వచ్చాయి. వాడు పదో తరగతి. చీలమండ బెణికి ఆడలేకపోయాడు. “జెండా నేను పట్టుకొంటాను సార్” అన్నాడు. రెండో అంచున అవతలి పాఠశాల పిల్లవాడు జెండాతో నిలబడ్డాడు. ఈల నాది. ఆట సున్నా సున్నాగా సాగుతుండగా మా జట్టువాడు బంతి అందుకొని గోలు కొట్టాడు. కొత్త వల ఒక్కసారిగా ఉబ్బింది. మా పిల్లలంతా కేకలు వేశారు. నేను అంచు వైపు చూశాను. మావాడు జెండా పైకెత్తి, కదలకుండా నిలబడి ఉన్నాడు. ఆఫ్‌సైడు! మా పిల్లలు వాడిమీద అరిచారు. “మనవాడే మనకు శత్రువు” అని ఎవరో అన్నారు. వాడి మొహం ఎర్రబడింది. జెండా మాత్రం దించలేదు. నేను ఈల ఊది గోలు రద్దు చేశాను.

ఆ ఆటలో మేం గెలవలేదు. పిల్లలు వెళ్లిపోయాక వాడు జెండా చుట్టి నా చేతికిచ్చాడు. “అంతమంది అరుస్తుంటే భయం వేయలేదా?” అని అడిగాను.

“వేసింది సార్. కనిపించింది, ఎత్తినాను” అన్నాడు.

ఆనాడు ఆ దిక్కున ఒకడు నిలబడి ఉన్నాడు.